జీబ్రా చేప గుడ్డులో తండ్రి జన్యువు ఎప్పుడు పని మొదలుపెడుతుంది? ఇంట్లోనే చూసే పద్ధతి

పిండాభివృద్ధి పాఠం మన పిలకాయలందరూ కప్ప బొమ్మతోనే చదువుతారు. బ్లాస్టులా, గాస్ట్రులా అని పిండం దశల పేర్లు వల్లె వేస్తారు, రికార్డులో రంగు పెన్సిళ్ళతో గీస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. జన్యుశాస్త్రం ఇంకో సెమిస్టర్‌లో, ఇంకో పుస్తకంలో వస్తుంది. ఈ రెండూ ఒకే గుడ్డులో, ఒకే గంటలో జరిగే పని అని వాళ్ళకు పట్టి చూపించేవాళ్ళు తక్కువ. కందుకూరులో డిగ్రీ పిలకాయలకు జువాలజీ చెప్పే నాకు ఇది చాలా కాలంగా బాధ. అందుకే ఈ పద్ధతి వివరంగా రాస్తున్నాను. అక్వేరియం షాపులో దొరికే జీబ్రా చేపలు, మామూలు కాలేజీ మైక్రోస్కోపు, తీరికైన ఒక ఆదివారం ఉంటే చాలు. తల్లి ఇచ్చిన సరుకు ఎంతవరకు నడిపిస్తుందో, తండ్రి జన్యువు ఎక్కడ అందుకుంటుందో మీ కళ్ళతో మీరే చూడొచ్చు.

ఈ చేపే ఎందుకు

జీబ్రా చేప మన దేశపు చేప. గంగా నది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. వరి పొలాల పక్కన, నిదానంగా పారే కాలువల్లో బతికే చిన్న చేప. దీన్ని జన్యుశాస్త్రంలోకి తెచ్చింది అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ స్ట్రైసింగర్. 1981లో ఆయన ఈ చేపల క్లోన్లు తయారుచేసిన పద్ధతిని ప్రకటించాడు. తర్వాత జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ బృందం, అమెరికాలోని బోస్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్ బృందం వేల కొద్దీ మ్యుటేషన్లను, అంటే జన్యువుల్లో వచ్చిన మార్పులను వెతికి, 1996 డిసెంబరులో ఒక పత్రిక సంచిక నిండా ప్రచురించాయి. తోక రానిది, గుండె కొట్టుకోనిది, ఒంటికన్నుది, ఇలా ఒక్కో లోపం వెనక ఒక్కో జన్యువు దొరికింది. 2013లో దీని జన్యుపటం పూర్తి వివరాలతో వచ్చింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సరిపోలే జన్యువు కనీసం ఒకటి ఉందని అందులో తేలింది.

మనకు కావలసిన గుణాలు మాత్రం మూడు. గుడ్డు బయట ఫలదీకరణ చెందుతుంది. గుడ్డు పొర, పిండం రెండూ పారదర్శకం. ఒక్క రోజులో గుండె కొట్టుకుంటుంది. గప్పీలతో ఈ పని కాదు. అవి పిల్లల్ని కంటాయి, పైగా ఆడ గప్పీ పాత మగచేప వీర్యాన్ని కడుపులో దాచుకుంటుంది కాబట్టి తండ్రి ఎవరో చెప్పలేం. జీబ్రా చేపలో ఆ చిక్కు లేదు. ఈరోజు పడిన గుడ్డుకు తండ్రి ఈరోజు తొట్టిలో ఉన్న మగచేపే.

చేపలు కొనేటప్పుడు

రెండు రకాలు తీసుకోండి. నీలం చారలున్న మామూలువి అరడజను, షాపులో గోల్డెన్ జీబ్రా అని అమ్మే లేత చారలవి అరడజను. మెరిసిపోయే గులాబీ, ఆకుపచ్చ రంగువి వద్దు. ఆ రంగు బయటినుంచి పెట్టిన జన్యువు వల్ల వచ్చిందో, పూసిందో మనకు తెలియదు, లెక్క చెడుతుంది. ఆడది పొట్ట నిండుగా, వెండిరంగులో ఉంటుంది. మగది సన్నగా, పొట్ట కింద కాస్త పసుపు ఛాయతో ఉంటుంది. రెండు రకాల్లోనూ ఆడ, మగ రెండూ ఉండేట్టు ఏరుకోండి.

ఇంటికి తెచ్చాక వారం పాటు ఆడవాటిని, మగవాటిని వేరువేరు తొట్లలో ఉంచి బాగా మేపాలి. పొడి మేత ఒక్కటే వేస్తే గుడ్లు సరిగా రావు. బతికున్న ఆర్టీమియా పెట్టండి, అది ఉప్పునీళ్ళలో పెరిగే చిట్టి రొయ్యలాంటి జీవి. మన తీరం వెంబడి రొయ్యల హ్యాచరీలు ఉన్నాయి కాబట్టి ఆర్టీమియా గుడ్ల డబ్బా గురించి ఎవరినడిగినా చెబుతారు. ఉప్పునీళ్ళలో గాలి కొట్టిస్తే ఒక రోజులో పొదుగుతుంది. రోజూ 14 గంటలు వెలుతురు, 10 గంటలు చీకటి ఉండాలి. ఈ చేపకు వెలుతురే గడియారం. తెల్లవారి లైటు పడితేనే గుడ్లు పెడుతుంది.

నీళ్ళ సంగతి

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చాలామందికి పని చెడేది నీళ్ళ దగ్గరే. ప్రకాశం వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు, ఉప్పు రెండూ ఎక్కువ. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. పెద్ద చేపలు ఎలాగో తట్టుకుంటాయి కానీ మొదటి రోజు పిండం తట్టుకోలేదు. ఇంటికి వచ్చే 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాను నీళ్ళు శుభ్రమే. అయితే ఆర్‌ఓలో లవణాలన్నీ పోయి మరీ చప్పగా ఉంటాయి. పరిశోధనశాలల్లో లీటరు శుద్ధమైన నీళ్ళకు 60 మిల్లీగ్రాముల సముద్రపు ఉప్పు కలుపుతారు. అంత చిన్న తూకం ఇంట్లో సాధ్యం కాదు. మనకు సముద్రం దగ్గరే ఉంది కదా. రామాయపట్నం తీరంలో ఒక సీసా నీళ్ళు పట్టుకొచ్చి, మరగబెట్టి, చల్లార్చి, గుడ్డలో వడకట్టండి. లీటరుకు 2 మిల్లీలీటర్లు సిరంజితో కొలిచి కలపండి. సముద్రపు నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది కాబట్టి ఇది సుమారుగా అదే మోతాదు. కాల్షియం, మెగ్నీషియం కూడా దాంతోపాటే వస్తాయి. బూజు పట్టకుండా అక్వేరియం షాపులో దొరికే మిథిలీన్ బ్లూ కలపండి, నీళ్ళు లేత నీలంగా మారితే చాలు.

ముందు రోజు సాయంత్రం

పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో చిల్లుల బుట్ట ఒకటి దించండి. గుడ్డు 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది, అది చిల్లుల్లోంచి కిందికి జారాలి, చేప మాత్రం జారకూడదు. బుట్ట లేకపోతే అడుగున గోలీలు రెండు వరసలు పరిస్తే సరి. ఇలా చేయకపోతే తల్లీతండ్రీ కలిసి గుడ్లన్నీ తినేస్తాయి. మధ్యలో పారదర్శకమైన అడ్డు పెట్టి ఒకవైపు ఆడదాన్ని, ఇంకోవైపు మగదాన్ని వదలండి. పైన నల్లగుడ్డ కప్పండి.

మొత్తం మూడు డబ్బాలు సిద్ధం చేయాలి. మొదటిదాంట్లో రెండూ చారలవి. రెండోదాంట్లో రెండూ గోల్డెన్. మూడోది ముఖ్యమైనది: గోల్డెన్ ఆడది, చారల మగది. దీని సంగతి రెండో రోజు చూద్దాం.

ఉదయాన్నే గుడ్డ తీసి, లైటు వేసి, అడ్డు లాగేయండి. మగది ఆడదాన్ని తరుముతుంది, పక్కన చేరి ఒళ్ళు ఆనించి వణుకుతుంది, గుడ్లు రాలతాయి. ఇరవై నిమిషాలు ఆగి చేపల్ని తీసేయండి. అప్పుడే అన్ని గుడ్లదీ దాదాపు ఒకే వయసు అవుతుంది. టీ వడగట్టులో గుడ్లు పట్టి, తయారుచేసుకున్న నీళ్ళతో రెండుసార్లు కడిగి, గాజు పళ్ళెంలోకి మార్చండి. పళ్ళానికి యాభైకి మించి వద్దు. ఎన్ని గంటలకు పడ్డాయో పళ్ళెం మీద మార్కర్‌తో రాయండి.

గదిలో ఎంత వేడి ఉంది?

దీనికి సమాధానం లేకుండా ఏ గంటా అర్థం కాదు. పిండం గడియారాన్ని వేడి నడుపుతుంది. 1995లో చార్లెస్ కిమ్మెల్ బృందం ఇచ్చిన దశల పట్టికనే ప్రపంచమంతా వాడుతుంది, అందులోని గంటలన్నీ 28.5 డిగ్రీల దగ్గర లెక్క. అక్కడ 24 గంటల్లో వచ్చే దశ 25 డిగ్రీల్లో దాదాపు 30 గంటలకు వస్తుంది, 33 డిగ్రీల్లో 19 గంటలు దాటగానే వస్తుంది. 33 దాటితే పిండాలు వంకర్లు పోతాయి. మే నెలలో మన ఊళ్ళో ఈ పని పెట్టుకోవద్దు. ఎండలకు పుట్టిన వంకరను జన్యులోపం అనుకుని పిలకాయలు నోటుపుస్తకంలో రాసేస్తారు. దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. పళ్ళాన్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పక్కన గోరువెచ్చని నీళ్ళ సీసా ఉంచి, థర్మామీటరు చూస్తూ ఉంటే సరిపోతుంది.

మొదటి మూడు గంటలు తల్లివే

గుడ్లు ఆరున్నరకు పడ్డాయనుకుందాం. ప్లాస్టిక్ డ్రాపర్ మూతిని వెడల్పుగా కత్తిరించి, గుడ్డును కొన్ని నీళ్ళతో సహా గుంట స్లైడు మీదికి తీసుకోండి. కవర్‌స్లిప్ పెట్టొద్దు, నలిగిపోతుంది. 4ఎక్స్ లెన్సు చాలు. కింది డయాఫ్రమ్ కాస్త మూస్తే కణాల అంచులు తేరుకుంటాయి. బల్బు వేడికి నీళ్ళు కాగుతాయి కాబట్టి ఎల్‌ఈడీ వాడండి.

గుండ్రటి సొన మీద ఒకవైపు ద్రవమంతా పైకి చేరి చిన్న గుబ్బగా లేస్తుంది. ఫలదీకరణ జరగని గుడ్డులోనూ ఈ గుబ్బ లేస్తుంది, దాన్ని చూసి సంతోషపడొద్దు. ఏడుంబావుకు గుబ్బ రెండుగా చీలితే అప్పుడు నమ్మండి. ఏడున్నరకు నాలుగు, ముప్పావుకు ఎనిమిది. పావుగంటకొకసారి, అన్నీ ఒకేసారి. సొన మాత్రం చీలదు. ఎనిమిదిన్నరకు 64 కణాలు, తొమ్మిదిన్నరకు సుమారు వెయ్యి.

పావుగంటలో కణం రెండుగా చీలుతుందంటే డీఎన్‌ఏను నకలు తీయడానికే ఆ సమయం సరిపోతుంది, ఇక జన్యువులు చదివించుకునే తీరిక ఎక్కడిది? ఈ గంటల్లో పిండం తన సొంత జన్యువులను దాదాపు వాడదు. గుడ్డు తయారయ్యేటప్పుడే తల్లి అందులో వేల రకాల ఆర్‌ఎన్‌ఏలు (తన జన్యువుల నుంచి తీసిన నకళ్ళు), ప్రొటీన్లు నింపి పెట్టింది. అది తల్లి కట్టి పంపిన సద్దిమూట. తండ్రి డీఎన్‌ఏ కణంలోనే ఉంది, నకలు కూడా అవుతోంది, కానీ దాని మాట ఇంకా చెల్లదు.

దీనికి గట్టి సాక్ష్యం హులువా అనే జన్యువు. 2018లో చైనా శాస్త్రవేత్తలు దీన్ని వెల్లడించారు. తల్లిలో ఈ జన్యువు రెండు ప్రతులూ చెడితే, తండ్రి ఎంత మంచివాడైనా పిండానికి తల, వీపు ఏర్పడవు. అదే తల్లి మంచిదై, తండ్రి నుంచి చెడ్డ ప్రతి వస్తే పిండానికేమీ కాదు. వీపు ఎటు రావాలో చెప్పే గుర్తును తల్లి గుడ్డు అడుగున పెట్టి ఉంచుతుంది. ఫలదీకరణ తర్వాత అది ఒక పక్కకు జరుగుతుంది, అటే వీపు.

మన హ్యాచరీల్లో బొచ్చె, శీలావతి సీడు తీసేవాళ్ళకు కూడా ఇది పనికొచ్చే మాట. గుడ్లు మొదటి కణ విభజనల్లోనే తెల్లబడి పోతుంటే తల్లి చేప మేత, వయసు, గుడ్డు పండిన తీరు ముందు చూడాలి. ఆ గంటల్లో నడిచేది తల్లి సరుకే.

తొమ్మిదిన్నరకు జరిగే మార్పు

పదో విభజన దాటాక లయ మారుతుంది. అప్పటిదాకా ఒకేసారి చీలిన కణాలు ముందూవెనకా చీలడం మొదలుపెడతాయి, మధ్యలో ఆగుతాయి. చూపు నిలిపితే ఇది తెలుస్తుంది, ఫోన్‌ను కంటికటకం మీద పెట్టి టైమ్‌ల్యాప్స్ తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ ఆగడంలోనే పిండం సొంత జన్యువులు పెద్ద ఎత్తున తెరుచుకుంటాయి. నానాగ్, పీఓయూ5ఎఫ్3, సాక్స్19బి అనే మూడు ప్రొటీన్లు ఆ తలుపులు తీస్తాయని 2013లో తేలింది. వీటి ఆర్‌ఎన్‌ఏలను కూడా తల్లే పెట్టి పంపింది. తెరుచుకున్న మొదటి జన్యువుల్లో మిర్-430 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఒకటి, అది తల్లి ఆర్‌ఎన్‌ఏలను వందల సంఖ్యలో పట్టి తొలగించేస్తుంది. తల్లి ఇచ్చిన దాంతోనే మొదలుపెట్టి తల్లి ఇచ్చినదాన్నే సర్దేయడం, ఈ ఏర్పాటు చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్ళు పులకరిస్తుంది.

మా క్లాసులో ఒక అమ్మాయి ఇక్కడే అడిగింది. "మేడమ్, అయితే ఇప్పుడు నాన్న జన్యువు పని మొదలైనట్టేనా? మనకు కనపడదు కదా!" కనపడదు. కనపడేది ఎల్లుండి.

మధ్యాహ్నం, రాత్రి

పదకొండుకు ముందు నుంచి కణాల పొర సొన మీదికి పాకడం మొదలుపెడుతుంది. పన్నెండుకు కాస్త ముందు సగం సొన కప్పుకుంటుంది. పన్నెండున్నరకు అంచులో ఒకచోట మందంగా ఉబ్బుతుంది. దాన్ని షీల్డ్ అంటారు. 1924లో స్పీమన్, హిల్డె మాంగోల్డ్ సాలమండర్ పిండంలో చూపిన ఆర్గనైజర్‌కు, అంటే చుట్టూ ఉన్న కణాలు ఏమవ్వాలో నడిపించే భాగానికి, ఇది చేపలోని రూపం. ఈ ఉబ్బు వైపు కార్డిన్ అనే ప్రొటీన్ వస్తుంది, ఎదుటి వైపు బీఎంపీ అనే ప్రొటీన్లు. కార్డిన్ బీఎంపీని పట్టేసి అడ్డుకుంటుంది. బీఎంపీ ఎక్కువున్న చోట పొట్టవైపు కణజాలం, తక్కువున్న చోట వీపువైపు కణజాలం. కార్డిన్ చెడిన పిండంలో తల చిన్నదై పోతుంది. బీఎంపీ2బి చెడితే ఉల్టా, అంతా వీపే. పుస్తకంలో గాస్ట్రులా అని ఒక్క మాటలో దాటేసే దశ ఇదే. భోజనం కాస్త ఆలస్యమైనా దీన్ని వదలొద్దు.

సాయంత్రం నాలుగున్నరకు సొన మొత్తం మూసుకుని తోక మొగ్గ తొడుగుతుంది. ఆ తర్వాత వెన్ను వెంట సోమైట్లు అనే కండర ఖండాలు ముందునుంచి వెనక్కు ఒక్కొక్కటే తేలుతాయి. మొదట కాస్త వేగంగా, తర్వాత అరగంటకొకటి చొప్పున. రాత్రి ఎనిమిదిన్నరకు పది లెక్కపెట్టగలగాలి. తోకభాగం కణాల్లో హర్1, హర్7 జన్యువులు వెలగడం, ఆరడం, మళ్ళీ వెలగడం ఒక లయలో జరుగుతుంది. ఆ లయలో ఒక్కో చుట్టుకు ఒక్కో ఖండం తెగుతుంది. పిలకాయల చేత ఇక్కడ తప్పకుండా లెక్క పెట్టించండి. గంటకు రెండు పెరిగాయని వాళ్ళే రాసుకున్నాక జన్యువుల గడియారం అనే మాట మళ్ళీ చెప్పక్కర్లేదు. ఖండాల మధ్య పొడుగ్గా కనిపించే కడ్డీ పృష్ఠవంశం (నోటోకార్డ్). నో టెయిల్ అనే జన్యువు చెడితే అది ఏర్పడదు, తోకా రాదు. ఎలుకలో తోకను పొట్టి చేసే బ్రాకియురీ జన్యువే చేపలో ఇది.

మర్నాడు పొద్దున సొన పైన, తల కింద గుండె కదులుతుంటుంది. చుట్టూ ఎంత గోల ఉన్నా ఆ నిమిషంలో క్లాసు నిశ్శబ్దమైపోతుంది. సైలెంట్ హార్ట్ అనే మ్యుటేషన్‌లో ఈ గుండె అసలు కొట్టుకోదు, అయినా పిండం కొన్ని రోజులు బతుకుతుంది. ఒంటి గుండా ఆక్సిజన్ నేరుగా ఇంకుతుంది కాబట్టి. గుండె జన్యువుల పరిశోధనకు ఈ చేప ఇంతగా ఉపయోగపడటానికి అదే కారణం.

రెండో రోజు: మూడు పళ్ళాలు పక్కపక్కన

48 గంటలకు మూడు పళ్ళాలనూ తెల్లకాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి. చారల జంట పిల్లల కళ్ళు నల్లగా, వీపు మీద నల్ల కణాలు చిక్కగా ఉంటాయి. గోల్డెన్ జంట పిల్లల కళ్ళు, వీపు పాలిపోయి ఉంటాయి. 10ఎక్స్ కింద పెడితే నల్ల కణాలు ఉన్నాయి కానీ లోపల నలుపునిచ్చే మెలనిన్ పలచగా ఉందని తెలుస్తుంది. ఇప్పుడు మూడో పళ్ళెం. తల్లి గోల్డెన్, అంటే ఈ రంగు జన్యువు మంచి ప్రతి తల్లి నుంచి రాలేదు. అయినా పిల్లలన్నీ నల్లగా ఉంటాయి. ఆ నలుపు తండ్రి ఇచ్చిన ఒక్క ప్రతి చేసిన పని. మొన్న ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు ఇదిగో ఈ పళ్ళెంలో ఉంది.

ఆ జన్యువు పేరు ఎస్‌ఎల్‌సీ24ఏ5. 2005లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం బృందం దీన్ని గోల్డెన్ చేపలోనే కనిపెట్టింది. మనిషిలోని ఇదే జన్యువు ఆర్‌ఎన్‌ఏను గోల్డెన్ పిండంలోకి ఎక్కిస్తే నలుపు తిరిగి వచ్చింది. ఐరోపా వాళ్ళలో చర్మం తెల్లబడటానికి ఒక కారణం ఈ జన్యువులో ఒక్క అక్షరం మార్పు. ఆ మార్పు మన దేశంలోనూ చాలామందిలో ఉంది. రెండు చోట్లా దాని మూలం ఒక్కటేనని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2013లో చూపింది. క్లాసులో రంగు గురించి వెక్కిరింతలు పడే పిలకాయలు ఉంటారు. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఎంతదో ఈ పళ్ళాలు పక్కన పెట్టుకుని చెప్పండి, శ్రద్ధగా వింటారు.

షాపులో లేతరంగు చేపలన్నీ ఈ మ్యుటేషన్‌వే అని మాత్రం అనుకోవద్దు. రెండో పళ్ళెంలో లేతజంటకు పుట్టినవన్నీ నల్లగా వచ్చాయంటే ఆ తల్లికీ తండ్రికీ చెడింది వేరువేరు జన్యువులు అన్నమాట, ఒకరి లోటును ఇంకొకరు పూడ్చారు. మూడో పళ్ళెంలో సగం లేతగా వచ్చాయంటే మీ చారల మగది లోపల ఒక గోల్డెన్ ప్రతి దాచుకుని ఉంది. అప్పుడు మగదాన్ని మార్చి చూడండి.

ఆ తర్వాత

మూడో రోజుకల్లా పిల్లలు పొర చీల్చుకుని వస్తాయి. ఐదో రోజు దాకా సొనే ఆహారం. ఆ తర్వాత గడ్డి నానబెట్టిన నీళ్ళలో పెరిగే పారమీషియం అనే ఏకకణ జీవి, పది రోజులు దాటాక ఆర్టీమియా. మూడో పళ్ళెంలోని పిల్లల్ని పెంచండి. మూడు నెలలకు అవి గుడ్లకు వస్తాయి. వాటిలో వాటికే జత కలిపి 48 గంటలకు లెక్కపెడితే నాలుగింట మూడు వంతులు నల్లవి, ఒక వంతు లేతవి వస్తాయి. ఇరవై గుడ్లతో ఈ లెక్క తేలదు, కనీసం రెండు వందలైనా ఉండాలి. తెల్లబడి చచ్చిన గుడ్లు ఏ రంగువో తెలియదు కాబట్టి వాటిని విడిగా రాయండి, లెక్కలో కలపొద్దు. మిగిలిన చేపల్ని చెరువులో, కాలువలో వదలకండి. తొట్టి ఉన్న స్నేహితులకో, తిరిగి షాపుకో ఇవ్వండి.